రాజ్యాంగసభలో ఒకే ఒక ముస్లిం మహిళ



బేగం ఐజాజ్ రసూల్ జీవితం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఆ పేరు మన ఇళ్ళలో ఎందరికి తెలుసునో చూద్దామని డిగ్రీ చదువుతున్న పిల్లలను కొందరిని అడిగాము. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు తెలుసునన్నారు. సరోజినీ నాయుడు గారి పేరు తెలుసునన్నారు. ఈమె పేరు ఒక్కరికీ తెలియదు. రాజ్యాంగసభలో కూర్చున్న స్త్రీలు 15 మంది. ఆ 15 మందిలో ముస్లిం మహిళ ఒక్కరే. ఆ ఒక్కరూ ఈమే. దళిత స్త్రీగా ఒకే ఒక్కరైన దాక్షాయణి వేలాయుధన్ గారి పేరు ఈ మధ్య పత్రికలలో కనిపిస్తోంది, సంతోషం. మన ఆడబిడ్డ పేరును మనమే పలకకపోతే మరొకరు వచ్చి పలుకుతారని ఆశించటం న్యాయం కాదు.

ఆమెను పొగడి కూర్చుందామని మేము రాలేదు. ఆమె తీసుకొన్న ఒక నిర్ణయం ఈనాటికీ మన ముందుకు వస్తూనే ఉంది. ఆ నిర్ణయాన్ని మనకు అనుకూలంగా వాడుకొనేవారున్నారు, మనకు వ్యతిరేకంగా వాడేవారూ ఉన్నారు. అందులో నిజమెంతో తెలుసుకోవాలంటే ముందుగా మనిషిని తెలుసుకోవాలి.

ఆమె పుట్టినప్పటి పేరు ఖుద్సియా. పంజాబులోని మలేర్‌కోట్లా సంస్థాన పాలక కుటుంబం వారిది. గత శతాబ్దపు తొలి దశాబ్దంలో జన్మించారు. తండ్రి సర్ జుల్ఫికర్ అలీఖాన్ రాజకీయాలలో పేరున్నవారు, మహాకవి ఇక్బాల్‌కు సన్నిహిత మిత్రులు. ఇక్బాల్ కవిత్వాన్ని ఆంగ్ల పాఠకులకు పరిచయం చేస్తూ 1922లోనే చిన్న పుస్తకం రాసినవారు. అటువంటి తండ్రి తన కూతురిని నాలుగు గోడల మధ్య ఉంచలేదు. చదివించారు. తన రాజకీయ వ్యవహారాలలో ఆమెను వెంట ఉంచుకొన్నారు. శాసనసభలంటే ఏమిటో, తీర్మానమంటే ఏమిటో, ఒక మాటను చట్టంలో ఎలా కూర్చుతారో ఆమె తండ్రి పక్కన ఉండి నేర్చుకొన్నారని చెప్పవచ్చు. మన సంఘసంస్కర్తల చరిత్రలు చూడండి, చదువుకొన్న స్త్రీ వెనుక చాలాసార్లు ఒక తండ్రి కనిపిస్తాడు. ఇక్కడ కూర్చున్న తండ్రులు ఈ సంగతి గమనించాలి.

1929లో ఆమెకు నవాబ్ ఐజాజ్ రసూల్‌తో వివాహమైంది. ఆయన నేటి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లా సండీలా తాలూక్‌దారు. తాలూక్‌దారు అంటే మన వైపు జమీందారు వంటివాడు. అవధ్ తాలూక్‌దార్ల ఇళ్ళలో ఘోషా ఎంత కఠినమో పెద్దలకు చెప్పనక్కరలేదు. పుట్టింట స్వేచ్ఛగా తిరిగిన అమ్మాయి అత్తవారింటి జనానాలో అడుగుపెట్టింది. తరువాత ఆమె తన ఆత్మకథకు పెట్టుకొన్న పేరే ఆ ప్రయాణాన్ని చెబుతుంది: పర్దా నుంచి పార్లమెంటుకు.

1935 చట్టం కింద 1937లో ఎన్నికలు వచ్చాయి. ఆ చట్టం రాష్ట్రాల దిగువ సభలలో స్త్రీలకు కొన్ని స్థానాలు ప్రత్యేకించింది. ఆమె ఆ దారిని ఎన్నుకోలేదు. సంయుక్త పరగణాల ఎగువ సభకు, స్త్రీలకని కేటాయించని స్థానం నుంచి, పురుషులతో సమానంగా పోటీకి దిగారు. వెంటనే వివాదం లేచింది. ఘోషా పాటించని ముస్లిం స్త్రీకి ఓటు వేయటం మతవిరుద్ధమంటూ కొందరు ఉలమాలు ఫత్వా ఇచ్చారు. అప్పటి ఓటర్లు ఎవరో ఒకసారి ఆలోచించండి. ఎగువ సభకు ఓటు హక్కు ఆస్తి, హోదా ఉన్న కొద్దిమందికే ఉండేది. అందులోనూ అది ముస్లింలు మాత్రమే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గం. అంటే ఫత్వా ఎవరిని ఉద్దేశించినదో, తీర్పు చెప్పవలసినవారు కూడా వారే. ఆ ఓటర్లు ఆమెను గెలిపించారు. ముస్లిం సమాజం స్త్రీని ముందుకు రానివ్వదని తేలికగా తీర్పులిచ్చేవారికి ఈ ఒక్క ఎన్నికను గుర్తుచేస్తే చాలు. గెలిచిన ఏడాదే ఆమె ఆ సభకు ఉపాధ్యక్షురాలయ్యారు. 1940 వరకు ఆ పదవిలో ఉన్నారు. గడ్డాలు నెరసిన రాజాలు, నవాబులు, న్యాయవాదులు కూర్చున్న సభను ముప్పైయేళ్ళు నిండని స్త్రీ నడిపించింది.

ప్రత్యేక నియోజకవర్గం అన్న మాట వచ్చింది గనుక యువకుల కోసం రెండు ముక్కలు. 1909 సంస్కరణల నాటినుంచి ముస్లింలకు వేరే ఓటర్ల జాబితా ఉండేది. ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటు వేయాలి. ఇది ప్రత్యేక నియోజకవర్గ పద్ధతి. రిజర్వు స్థానం వేరు. అందులో స్థానం ముస్లిం అభ్యర్థికే కేటాయిస్తారు గాని, ఆ ప్రాంతంలోని అన్ని మతాలవారూ కలిసి ఓటు వేస్తారు. ఇక విద్యలో, ఉద్యోగాలలో వెనుకబాటును బట్టి ఇచ్చే రిజర్వేషన్ మూడవది, పూర్తిగా వేరే విషయం. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి మాట్లాడటం వల్ల మన సమాజానికి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. దీనికి మళ్ళీ వస్తాము.

దేశం రెండుగా చీలినప్పుడు ఆమె ముస్లిం లీగ్ సభ్యురాలు. లీగ్ టికెట్ మీదనే రాజ్యాంగసభకు ఎన్నికయ్యారు. 1946 డిసెంబరులో మొదలైన సభను లీగ్ బహిష్కరించింది. విభజన ఖాయమయ్యాక, 1947 జులైలో, భారతదేశంలో ఉండదలచిన లీగ్ సభ్యులు వచ్చి సభలో కూర్చున్నారు. వారిలో ఆమె ఒకరు. లీగ్ నాయకుడు చౌధరీ ఖలీఖుజ్జమాన్ పాకిస్తాన్ వెళ్ళిపోయారు. నాయకులు వెళ్ళిపోయారు, ప్రజలు మిగిలిపోయారు. ఉత్తర భారతంలో రైళ్ళు శవాలతో వస్తున్న కాలం. పక్కింటివాడు ఉన్నాడో వెళ్ళాడో తెల్లవారితే గాని తెలియని కాలం. మిగిలినవారిని చూసి మీరెందుకు మిగిలారని అడిగేవారు. అటువంటి సమయంలో లీగ్ సభ్యులకు కేటాయించిన బల్లమీద కూర్చోవటమంటే ప్రతిరోజూ విధేయతను రుజువు చేసుకోవలసి రావటమే. ఆమె తరువాత చెప్పిన ప్రతి మాటనూ ఈ నేపథ్యంలోనే వినాలని మా మనవి.

1947 ఆగస్టు చివరలో సభ ఒక నిర్ణయం చేసింది. ప్రత్యేక నియోజకవర్గాలు రద్దు. వాటికి బదులుగా అల్పసంఖ్యాకులకు జనాభా ప్రకారం పదేళ్ళపాటు రిజర్వు స్థానాలు. 1948 ఫిబ్రవరిలో వెలువడిన రాజ్యాంగ ముసాయిదాలో కూడా ఇది ఉంది. అంటే లోక్‌సభలో, శాసనసభలలో ముస్లింలకు స్థానాలు కేటాయించాలని మన రాజ్యాంగపు మొదటి చిత్తుప్రతి చెప్పింది. ఈ సంగతి చెబితే నేటి యువకులు నమ్మరు. ఆ తరువాత ఏడాదిన్నరలో పరిస్థితి మారింది. సర్దార్ పటేల్ అధ్యక్షత వహించిన సలహాసంఘం 1949 మే 11న మత అల్పసంఖ్యాకుల రిజర్వు స్థానాలను తొలగించాలని తీర్మానించింది. షెడ్యూల్డు కులాలకు మాత్రం ఉంచింది. మే 25, 26 తేదీలలో సభ దానిని ఆమోదించింది.

ఆ తొలగింపును సమర్థించిన ముస్లిం సభ్యులలో ముందువరుసలో నిలిచినది బేగం ఐజాజ్ రసూల్. ఆమె వాదనలోని సారం ఇది. వేరుగా ఉంచే రక్షణ చివరకు మనలను శాశ్వతంగా వేరుచేస్తుంది. రిజర్వు స్థానం ఉన్నంతకాలం మెజారిటీ వర్గం మన మీద అనుమానం వదలదు, మనమూ వారి మంచితనాన్ని పరీక్షించే అవకాశం ఇవ్వము. పైగా అందరూ కలిసి ఓటువేసే చోట, రిజర్వు స్థానంలో గెలిచే ముస్లిం అభ్యర్థి మెజారిటీ ఓట్లకు లోబడినవాడే అవుతాడు. పేరుకు మన ప్రతినిధి, పనికి మరొకరి మనిషి. అటువంటి రక్షణ వల్ల ఫలమేమిటి?

ఈ చివరి మాటలో చాలా తూకముంది. దానిని తేలికగా తోసివేయలేము. రిజర్వు స్థానాలలో గెలిచిన తమవారు తమ మాట మాట్లాడలేకపోతున్నారని దళిత సోదరులు ఈనాటికీ వాపోవటం మనం వింటూనే ఉన్నాము.

అయితే ఆమెతో విభేదించినవారూ మన పెద్దలే. మద్రాసు నుంచి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్, మన దక్షిణాది ప్రజలు ఖాయిదె మిల్లత్ అని పిలుచుకొన్న ఆయన, చివరివరకు ఎదురు నిలబడ్డారు. రక్షణ కోరటం ద్రోహం కాదని ఆయన పట్టు. ఉత్తరప్రదేశ్‌కే చెందిన జెడ్.హెచ్. లారీ మరొక దారి చూపారు. రిజర్వేషన్ వద్దు, కాని ఒక్కో నియోజకవర్గం నుంచి ఎక్కువమంది ఎన్నికయ్యేలా, చిన్న వర్గాల ఓట్లు కూడా వృథా పోకుండా ఉండేలా ఓటింగు పద్ధతినే మార్చండి అన్నారు. లారీ గారి సూచనను ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. మేము ఆ చర్చలను చదివిన ప్రతిసారీ ఆయన మాట దగ్గర ఆగిపోతాము. మూడు దారులు ముందున్నప్పుడు దేశం రెంటినే చూసింది.

ఆమె చేసినది సరియా, కాదా? మా అభిప్రాయం దాచుకోము. ఆమె ఉద్దేశంలో లోపం లేదు. పదవికోసం అన్నారని నిందించటం అన్యాయం. రిజర్వు స్థానాలు ఉంటే మొదట లాభపడేది ఆమె వంటి నాయకులే. నష్టపోయేదానిని వదులుకోమని చెప్పటానికి ధైర్యం కావాలి. కాని ఆమె ఒక ఇచ్చిపుచ్చుకోవటాన్ని నమ్మారు. మనం రక్షణ వదులుకొంటాము, మీరు విశ్వాసం ఇవ్వండి అన్నారు. మనం వదులుకొన్నది కాగితంమీద రాసి ఉంది. వారు ఇవ్వవలసినది ఎక్కడా రాయలేదు. ముప్పైయేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కాగితాల మధ్య గడిపినవారం మేము. రాతలో లేని హామీకి ఫైలులో చోటుండదు.

ఫలితం లెక్కలలో ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందికిగాను ముస్లిం సభ్యులు 24 మంది. అయిదు శాతం కూడా లేరు. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని నియోజకవర్గాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు కావటం గురించి 2006లో సచార్ కమిటీ ప్రస్తావించింది. దళితులకు ఒక్క స్థానం కూడా తగ్గకుండానే ఈ కేటాయింపును సరిదిద్దవచ్చు. దాని మీద కదలిక లేదు.

ఇప్పుడు ఇందాక వస్తామన్న విషయానికి. మన రాష్ట్రాలలో బి.సి.-ఇ కింద ముస్లింలలోని వెనుకబడిన తరగతులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌ను వ్యతిరేకించేవారు ఈ మధ్య ఒక వాదన ఎత్తుకొన్నారు. రాజ్యాంగసభలో ముస్లిం మహిళే రిజర్వేషన్ వద్దన్నది కదా, మీకెందుకు అని. ఇది శుద్ధ వక్రీకరణ. బేగం గారు వద్దన్నది శాసనసభలలో మతం ప్రాతిపదికన స్థానాలు. బి.సి.-ఇ అనేది 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం. పి.ఎస్. కృష్ణన్ గారి నివేదికను ఆధారం చేసుకొని, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలను గుర్తించి చేసినది. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారికి అది వర్తించదు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, తురక కాశవారు, ముస్లిం చాకలివారు, హజాములు, షేకులు, ఖురేషీలు వంటివారికి వర్తిస్తుంది. మతానికి ఇచ్చినదైతే అందరికీ ఇవ్వాలి కదా! అంతకుముందు ముస్లింలందరికీ అన్న రూపంలో ఇచ్చిన 5 శాతాన్ని న్యాయస్థానం కొట్టివేసిన తరువాతనే ఈ రూపం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఇది కొనసాగుతోంది. ధ్రువపత్రం కోసం కార్యాలయం కిటికీ ముందు నిలబడిన రాళ్ళు కొట్టేవాడి కూతురిని మేము చూశాము. ఆ అమ్మాయికి ఇంజనీరింగు సీటు రావటానికీ, నవాబు గారికి లోక్‌సభ స్థానం రావటానికీ సంబంధమేమిటి? ఈ తేడా మీ పిల్లలకు చెప్పండి. వాదించేవారికి మర్యాదగా చెప్పండి.

బేగం గారి మిగిలిన జీవితం గురించి కొంత. దేశంలోని ఆ పాత లీగ్ పక్షాలు కనుమరుగయ్యాక ఆమె కాంగ్రెస్‌లో చేరారు. 1950 నుంచి 52 వరకు ఉత్తరప్రదేశ్ ఎగువ సభలో ప్రతిపక్ష నాయకురాలు. స్వయంగా తాలూక్‌దారు ఇంటి కోడలై ఉండి జమీందారీ రద్దును బలపరచారు. సొంత ఇంటి ఆదాయం పోయే చట్టమది. 1952లో రాజ్యసభ తొలి సభ్యులలో ఒకరు. 1969లో ఉత్తరప్రదేశ్ శాసనసభకు వచ్చారు. 1971 వరకు సాంఘిక సంక్షేమ, అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రిగా ఉన్నారు. ఆ తరువాత కూడా చాలాకాలం ప్రజాజీవితంలోనే ఉన్నారు. 2000లో పద్మభూషణ్ వచ్చింది. 2001 ఆగస్టులో కన్నుమూశారు.

ఒక సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. మహిళా హాకీ. దాదాపు ఇరవై ఏళ్ళు ఆమె భారత మహిళా హాకీ సమాఖ్యకు అధ్యక్షురాలు. ఆమె పేరుమీద మహిళల హాకీ ట్రోఫీ వచ్చింది. ఫత్వా ఎదుర్కొన్న స్త్రీ, ఆడపిల్లలు కర్ర పట్టుకొని మైదానంలో పరుగెత్తాలని కోరుకొన్నది. రాజకీయ పదవులకంటె ఈ పని మాకు ఎక్కువ నచ్చింది. పార్లమెంటు ఒక్క స్త్రీని లోపలికి రానిస్తుంది. మైదానం ఊరి ఆడపిల్లలందరినీ రానిస్తుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినప్పుడు మిఠాయిలు పంచినవారు, తమ కూతురిని బడి మైదానంలో ఆడనిస్తున్నారా అని అడగాలని ఉంది. అడగము, పెద్దలు బాధపడతారు.

మన తెలుగు నేలమీద కూడా ఇటువంటి దీపాలు వెలిగాయి. హైదరాబాదులో మాసూమా బేగం గారు. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ మనుమరాలు, తయ్యబా బేగం కూతురు. మహబూబియా బాలికల పాఠశాలలో చదివారు. 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. దామోదరం సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించారు. 1952లోనే పరిగి నుంచి షాజహాన్ బేగం గారు గెలిచారు. పరిగి పాతబస్తీ కాదు, ముస్లింలు ఎక్కువగా ఉన్న చోటు కాదు. అన్ని కులాల, మతాల పల్లెప్రజలు ఓటు వేస్తే గెలిచిన స్థానమది. బేగం ఐజాజ్ రసూల్ నమ్మిన సద్భావం అంటే ఇదే. ఆనాడు అది ఉత్త కల కాదని పరిగి నిరూపించింది. మరి ఆ తరువాత ఏమైంది? తెలుగు నేల నుంచి ఇప్పటివరకు ఒక్క ముస్లిం మహిళ కూడా లోక్‌సభకు వెళ్ళలేదు. ఓటర్లు ఓడించారని అనటానికి కూడా వీలులేదు. గెలిచే చోట టికెట్టు ఇస్తే కదా ఓడించటానికి! అన్ని పార్టీలూ ఇందులో సమానమే. ముస్లిం టికెట్టు అంటే పురుషుడికి, మహిళా టికెట్టు అంటే ముస్లిమేతరులకు. మన ఆడబిడ్డ ఈ రెండు జాబితాల మధ్య జారిపోతుంది.

2023 సెప్టెంబరులో పార్లమెంటు మహిళలకు మూడోవంతు స్థానాలు కేటాయిస్తూ 106వ రాజ్యాంగ సవరణ చేసింది. లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ వెనుకబడిన తరగతుల, ముస్లిం స్త్రీలకు అందులో ఉపకోటా లేదన్న కారణంతో వ్యతిరేకించారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాక అమలు చేస్తామని ఆ చట్టంలో రాశారు. 1949లో జరిగినదే మరో రూపంలో వచ్చింది. ఈసారి మనలోనుంచి, ముఖ్యంగా మన స్త్రీలనుంచి, ఒక స్పష్టమైన కోరిక ముందుగానే రాతలో వెళ్ళాలి. ఉపకోటా కోరుదామా, పార్టీలు తమ మహిళా టికెట్లలో ఇంత భాగం ఇచ్చి తీరాలని కోరుదామా, లారీ గారు చెప్పినట్టు ఓటింగు పద్ధతినే మార్చమందామా? మూడింటినీ చర్చించవచ్చు. చర్చ మాత్రం పురుషులు మాత్రమే చేయరాదు.

ఎందుకంటే స్థానిక సంస్థలలో స్త్రీలకు సగం స్థానాలు ఇప్పటికే ఉన్నాయి. మన సోదరీమణులు వార్డు సభ్యులుగా, కౌన్సిలర్లుగా గెలుస్తున్నారు. గెలిచాక ఏం జరుగుతోంది? సమావేశానికి భర్త వస్తాడు, లేదా కొడుకు వస్తాడు. సంతకం మాత్రం ఆమెది. 1937లో ఫత్వాను దాటుకొని వెళ్ళి సభను నడిపిన స్త్రీ వారసులం మనం. ఈ రోజు ఈ సభలోనే వెనుక వరుసలో గెలిచిన సోదరీమణులు ఇద్దరు కూర్చొని ఉన్నారు. కార్యక్రమ పత్రంలో వారి పేర్లు ఉన్నాయి, కాని వారి తరఫున మాట్లాడటానికి వారి ఇంటి పెద్దలు వేదికమీద ఉన్నారు. ఆ పెద్దలు పెద్దమనసు చేసుకొని, వారి సమయాన్ని ఆ ఇద్దరికీ ఇవ్వవలసిందిగా అధ్యక్షుల వారి ద్వారా కోరుతున్నాము. మా సమయంలో మిగిలిన అయిదు నిమిషాలు కూడా వారికే. మైకును వెనుక వరుసకు పంపించండి.